నాన్న చెవి ఎత్తు 34 అంగుళాలు

టీవీ వాల్యూమ్ 60కి పెట్టినా నాన్నకి మాటలు తెలిసేవి కావు. పాట వస్తే ఇల్లంతా దద్దరిల్లేది, ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే మాత్రం "ఏమంటున్నాడమ్మా?" అని నా వైపు తిరిగేవారు. డాక్టరుకి చూపించాం. 74 ఏళ్ళకి ఉండే తగ్గుదలే తప్ప మిషన్ పెట్టుకోవాల్సినంత లేదన్నారు. ఇంటికొచ్చి టీవీని గోడ నుంచి కాస్త జరిపి చూశాను. స్పీకర్లు కిందికి, వెనక్కి తిరిగి ఉన్నాయి. సన్న టీవీలన్నీ అంతే. మాట ముందు గోడకి కొట్టుకుని, ఆ తర్వాత మన దగ్గరికి వస్తోంది.

నాన్న మా తణుకులోనే ఒక సినిమా హాల్లో 28 ఏళ్ళు ఆపరేటరుగా చేశారు. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసిన రోజులూ చూశారు, డీటీఎస్ రోజులూ చూశారు. డీటీఎస్‌లో శబ్దం ఫిల్మ్ మీద ఉండేది కాదు, విడిగా సీడీల్లో వచ్చేది. ఫిల్మ్ అంచున ఉండే టైమ్‌కోడ్ గుర్తుల్ని మిషన్ చదువుకుంటూ సీడీని బొమ్మతో కలిపి నడిపించేది. ఆ సీడీల్ని చీర కొంగుతో తుడిచి ఇమ్మని అమ్మకి తెచ్చిచ్చేవారట. టీవీ వెనక నేను తల పెట్టి చూస్తుంటే ఆయన అన్న మాట ఇది: "తెరకి చిల్లులెందుకుంటాయో తెలుసా అమ్మాయ్? మాట తెర వెనక నుంచి రావాలి. బొమ్మ ఒకచోట, గొంతు ఇంకోచోట ఉంటే చెవికి పని ఎక్కువ."

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కిందటి వేసవి సెలవుల్లో మేడ మీద గదిని నాన్న కోసం చిన్న హాలుగా మార్చాలనుకున్నాను. ఐదు స్పీకర్లు, లావు శబ్దాలు పలికే ఒక సబ్‌వూఫరు, వీటన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫయరు లాంటి రిసీవరు ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. సామాను కొనడం రెండు రోజుల పని. వైర్లూ బిగింపులూ నెలన్నర పట్టాయి. ఎవరైనా ఇంట్లో ఇలాంటిది చేసుకోవాలనుకుంటే ఆ నెలన్నర పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు నాన్న చెవి ఎత్తు కొలిచాను. సోఫా వద్దన్నారు, తన పడక కుర్చీయే కావాలన్నారు. అందులో కూర్చున్నప్పుడు నేల నుంచి చెవికి 34 అంగుళాలు. గదిలో మిగతా కొలతలన్నీ ఈ ఒక్క అంకె నుంచే పుట్టాయి. ముందు స్పీకర్ల పైన ఉండే చిన్న గుండ్రటి ట్వీటరు ఆ ఎత్తుకి రావాలి, ఎందుకంటే సన్నటి శబ్దాలు సూటిగా పోతాయి, పక్కకి తప్పుకుంటే తగ్గిపోతాయి. మాటలో స, శ, త, ప తేడా తెలిసేది ఆ సన్నటి శబ్దాలతోనే. వయసు పైబడినవాళ్ళకి మొదట తగ్గేవీ అవే.

గది 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కుర్చీ తెర గోడకి 10 అడుగుల దూరంలో, రెండు పక్క గోడలకీ సరిగ్గా నడిమధ్య. ముందు రెండు స్పీకర్లు కుర్చీ నుంచి చూస్తే చెరో పక్కకి 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండమంటుంది సినిమా శబ్దం కంపెనీ డాల్బీ లెక్క. 30 డిగ్రీలు పెడదామంటే మధ్య నుంచి 5 అడుగుల 9 అంగుళాలు జరగాలి. మా గోడ 6 అడుగుల దగ్గరే ఉంది, అంటే స్పీకరు గోడకి అతుక్కుపోతుంది. అలా అతుక్కుంటే గొంతు బొంగురుపోతుంది. నాలుగున్నర అడుగుల దగ్గర పెట్టాను, 24 డిగ్రీలు వచ్చింది. వెనక వచ్చే సరౌండ్ స్పీకర్లకి 110 డిగ్రీలు. పక్క గోడల మీద, కుర్చీ వరస నుంచి 2 అడుగుల 2 అంగుళాలు వెనక్కి గుర్తు పెట్టాను. అవి చెవికి రెండడుగుల పైన ఉంటే మంచిది, అంటే 58 అంగుళాలు. రెండు గోడల మీదా ఆ 58 ఒకటేలా రావడానికి తాపీ మేస్త్రి నీళ్ళు నింపిన సన్న ట్యూబు తెచ్చి మట్టం చూశాడు. టేపుతో నేల నుంచి కొలిస్తే మా మేడ గది గచ్చు వాలుకి అరంగుళం తేడా వచ్చేది.

ఇక వైరు సంగతి. స్పీకరు వైరు పేరుతో ఆన్‌లైన్‌లో ఒక కట్ట తెప్పించాను. చూడ్డానికి లావుగా, అందంగా ఉంది. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా తోచి అనుమానమొచ్చింది. ఒక పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడింది. అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం నిరోధం రాగి కన్నా దాదాపు 1.6 రెట్లు ఎక్కువ, పైగా పోగులు నాలుగుసార్లు వంచితే విరుగుతాయి. గోడలో పూడ్చే వైరు అలా ఉండకూడదు. దాన్ని వాపసు చేసి, ఇంటి వైరింగుకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సన్న పోగులది, ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన తెచ్చాను. ఎరుపు 45 మీటర్లు, నలుపు 45 మీటర్లు.

2.5 ఎందుకో ఒక్క లెక్కలో చెప్తాను. ఆ సైజు వైరుకి కిలోమీటరుకి దాదాపు 8 ఓములు. మా ఎడమ సరౌండ్ లైను 14 మీటర్లు, పోనూ రానూ 28. అంటే 0.22 ఓములు. స్పీకరు 8 ఓములది, కాబట్టి వైరు వాటా మూడు శాతం లోపే. అదే 0.5 సైజు సన్న వైరైతే ఓము దాటుతుంది, పదమూడు శాతం పైన పోతుంది. ఐదు శాతం లోపు ఉంచుకుంటే చాలు. అంతకు మించి ఖరీదైన వైర్ల కోసం డబ్బు పోయక్కర్లేదు. ఆ డబ్బు మధ్య స్పీకరు మీద పెట్టండి. మాట పలికేది అది.

గోడలో గాడి కొట్టడం ఇంట్లో అందరికీ పెద్ద పరీక్ష. కట్టరుతో రెండు గీతలు కోసి, మధ్యది ఉలితో తీశారు. మాది ఎర్ర ఇటుక గోడ. మే నెల ఎండలో ఆ ఎర్ర దుమ్ము మెట్ల మీదుగా వంటింటి దాకా దిగింది. అమ్మ పచ్చడి జాడీలన్నీ తడిగుడ్డ కట్టి మంచం కింద పెట్టింది. 25 ఎంఎం పీవీసీ పైపు వేశాం. కరెంటు పైపుకీ దీనికీ మధ్య అడుగు దూరం. ఒకచోట దాన్ని దాటాల్సి వస్తే ఏటవాలుగా పోనివ్వకుండా అడ్డంగా దాటించాం. మూలల్లో ఎల్బో వద్దని పట్టుబట్టి పొడుగు బెండులే వేయించాను, రేపు ఇంకో వైరు లాగాలంటే ఎల్బో దగ్గరే ఇరుక్కుంటుంది. పైపు పెట్టాక గాడిని నీళ్ళతో బాగా తడిపి, సిమెంటు నింపి, పైన చికెన్ మెష్ కొట్టి పూత వేశాడు మేస్త్రి. మెష్ లేకపోతే ఏడాదిలో ఆ గీత వెంబడే పగులు తేలుతుంది.

పొరపాటు జరిగింది వైరు లాగేటప్పుడు. రెండు చివర్లా మీటరు చొప్పున వదులు ఉంచాలన్నారు నాన్న. "కోయడం తేలిక, అతకడం కష్టం" అని హాల్లో నేర్చుకున్న అలవాటు. ఆ వదులు నేను ముందు సరిగ్గా లెక్క వేయలేదు. చివరిదైన ఎడమ సరౌండ్ లైనుకి ఎరుపూ నలుపూ రెండు వైర్లూ మూడేసి మీటర్లు తక్కువ పడ్డాయి. పైపు లోపల అతుకు పెట్టనని ముందే అనుకున్నాను. షాపు కట్టేశారు, మర్నాడు పొద్దున్నే పెయింటరు వస్తానన్నాడు. గీజరు లైనుకి తెచ్చి మిగిలిన ఎరుపు వైరు ఇంట్లో ఉంటే రెండిటి బదులూ అదే వేశాం. రెండూ ఎరుపే కాబట్టి ఒకదాని రెండు చివర్లా నల్ల టేపు చుట్టాను. పైపులో వైరు లాగే స్ప్రింగు కట్టి లాగితే వైరు అవతలికి వచ్చింది, టేపు రాలేదు. పైపులోనే ఎక్కడో ఊడిపోయింది. ఏది ప్లస్సో చూడకుండా, తర్వాత చూద్దామనుకుని ఆ గొడవలో బిగించేశాను.

స్పీకర్లు బిగించడంలో మా ఎలక్ట్రీషియన్ చెయ్యి మంచిది. 8 ఎంఎం బిట్, రెండంగుళాల స్క్రూ, రావల్ ప్లగ్గు. కుడి గోడ మీద పై రంధ్రం సరిగ్గా రెండిటుకల మధ్య సందులో పడి, మన్ను రాలి గుల్లయిపోయింది. "కొంచెం సిమెంటు పెట్టి బిగించేద్దాం మేడం, ఆగుతుంది" అన్నాడు. స్పీకరు మూడున్నర కిలోలు. ఆ కింద నుంచి మా తమ్ముడి పిల్లలు తిరుగుతారు. ఒప్పుకోలేదు. అడుగున్నర పొడవు టేకు చెక్క ముక్క తీసుకుని, ఇటుక గట్టిగా ఉన్న నాలుగు చోట్ల దాన్ని గోడకి బిగించి, బ్రాకెట్టుని ఆ చెక్కకి బిగించాం. రెండో గోడకీ అదే చేశాం, రెండూ ఒకలా ఉండాలి కదా. చెక్కకీ బ్రాకెట్టుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టాను, గోడ అదిరి గరగరలాడకుండా. బిగించాక ఎలక్ట్రీషియనే బ్రాకెట్టు పట్టుకుని వేలాడినంత పని చేసి చూశాడు.

మధ్య స్పీకరు టీవీ కింద అల్మారా మీద, నేలకి 20 అంగుళాల ఎత్తులో కూర్చుంది. చెవి 34 దగ్గర ఉంది. 10 అడుగుల దూరంలో 14 అంగుళాలు పైకి చూడాలంటే 7 డిగ్రీలు ఎత్తితే చాలు. తలుపు ఆగడానికి కింద పెట్టే రబ్బరు ముక్కలు రెండు తెచ్చి ముందు అంచు కింద పెట్టాను. ఇంత పనిలో నాన్నకి ఎక్కువ మేలు చేసినవి ఆ రెండు రబ్బరు ముక్కలే.

మొదటి రాత్రి పెట్టి చూశాం. ముందు నుంచి మాట స్పష్టంగా వస్తోంది. వాన పడే సీను వచ్చేసరికి మాత్రం ఏదో తేడా. వాన ఎడమనా లేదు, కుడినా లేదు, తల లోపల కురుస్తున్నట్టు ఉంది. ఆ శబ్దంలో బరువే లేదు. నాన్న కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఒక కోను ఎదురు తిరిగిందమ్మా" అన్నారు.

అలా పట్టుకున్న మనిషికి మాట సరిగ్గా వినపడదని నెలల తరబడి ఇంట్లో అనుకున్నాం.

కోను అంటే స్పీకరులో ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం పుట్టించే పొర. ప్లస్ మైనస్ తారుమారైతే ఒక స్పీకరు కోను ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. ఒకటి గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది. లావు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. చూడడానికి మిషన్లేమీ అక్కర్లేదు, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ చాలు. రిసీవరు ఆపి, దాని వెనక నుంచి రెండు వైర్లూ ఊడదీసి (ఇది తప్పనిసరి, ఆంప్లిఫయరుకి తగిలి ఉండగా సెల్ పెట్టకూడదు), ప్లస్ అనుకున్న వైరుని సెల్ ప్లస్‌కి, రెండోదాన్ని మైనస్‌కి క్షణం సేపు ఆనించాలి. సరిగ్గా ఉంటే కోను బయటికొస్తుంది.

ఆ చిన్న కదలిక దూరం నుంచి కంటికి తెలియదు. నాన్న కుర్చీ పక్కన స్టూలు వేసుకుని ఎక్కబోతే నేను వద్దన్నాను. తమ్ముడు బ్రాకెట్టు నుంచి స్పీకరు దించి, వైరు ఊడకుండా ఆయన ఒళ్ళో పెట్టాడు. జాలీ తీసేసి, చూపుడు వేలి కొసని కోను మధ్య గుబ్బ మీద, పసిపాప బుగ్గ మీద పెట్టినట్టు ఆనించారు. నేను అవతలి చివర సెల్ తగిలించాను. టిక్కుమని చప్పుడు.

"లోపలికి."

వైర్లు మార్చి మళ్ళీ తగిలించాను.

"ఆఁ, వచ్చింది."

తర్వాత మిగతా నాలుగూ కూడా వేలు పెట్టి చూస్తానన్నారు. చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రిసీవరు వెనక ఆ రెండు వైర్లు తారుమారు చేస్తే సరిపోయింది, గోడ ముట్టుకోలేదు. మళ్ళీ అదే వాన పెట్టాం. ఈసారి వెనక పెంకుల మీద పడింది.

సబ్‌వూఫరుకి చోటు వెతకడం తేలికే. దాన్ని తాత్కాలికంగా నాన్న కుర్చీలో పెట్టి, ఒక లావు శబ్దం నడిపిస్తూ గోడల వెంబడి నేల మీద కూర్చుంటూ విన్నాను. ఎక్కడ గుంయిమని ఊదకుండా సమంగా వినపడిందో అక్కడ, ఎడమ మూలకి రెండున్నర అడుగుల దగ్గర పెట్టేశాను. అది ఒకటే కాస్త హమ్, అంటే ఎడతెగని రొద, ఇచ్చింది. సిగ్నల్ వైరు, కరెంటు వైరు జంటగా చుట్టుకుని ఉన్నాయి. విడదీస్తే సగం తగ్గింది. టీవీకి వచ్చే కేబుల్ వైరు ఊడదీసి చూస్తే మిగతా సగం పోయింది. తర్వాత టీవీ, సెట్‌టాప్ బాక్సు, రిసీవరు, సబ్‌వూఫరు అన్నీ ఒకే బోర్డుకి తెచ్చాక కేబుల్ పెట్టినా రావడం లేదు.

రిసీవరులో దూరాలు టేపుతో కొలిచి వేశాను. శబ్దానికి మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, దగ్గర స్పీకరుని రిసీవరు ఆ మేరకు ఆపి పలికిస్తుంది. మధ్య స్పీకరుని లెక్క కన్నా 2 డెసిబెల్స్ పెంచాను. అది పుస్తకం ఒప్పుకోదు, నాన్న చెవి ఒప్పుకుంది. ఇప్పుడు సంభాషణ మధ్యలో ఆయన నా వైపు తిరగడం లేదు. నేనే అప్పుడప్పుడు ఆయన వైపు చూస్తున్నాను.

వెనక గోడకి కూడా రెండు పైపులు వేయించి, లోపల నైలాను తాడు వదిలేశాను, ఎప్పుడైనా ఇంకో రెండు స్పీకర్లు పెడితే లాక్కోవచ్చని. పూత వేయకముందు గాడులన్నిటినీ టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాను. నాన్న ఆ ఫోటోలతో తృప్తి పడలేదు. ఒక తెల్ల కాగితం మీద స్కేలుతో నాలుగు గోడలూ గీసి, ఏ పైపు నేల నుంచి ఎన్ని అంగుళాల్లో పోతుందో, ఏ వైరుకి ఏ రంగో, ఎడమ సరౌండ్ దగ్గర "రెండూ ఎరుపే, జాగ్రత్త" అని తన చేత్తో రాసి అల్మారా తలుపు లోపల అతికించారు. జనవరిలో కొత్త క్యాలెండరుకి మేకు కొట్టేవాళ్ళు ముందు ఆ కాగితం చూడాలని తమ్ముడికి ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.