తల్లి వదిలేసిన తొమ్మిదో పిల్ల

మా పెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు దాని కింద తొమ్మిది గుడ్లు పెట్టాను. రెండు రోజుల తర్వాత మరో పెట్ట అదే గూట్లోకి దూరి ఇంకొక గుడ్డు పెట్టి వెళ్లింది. మొదటి రోజే గుడ్లన్నిటికీ పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంటే కొత్తగా వచ్చిన గుడ్డును వెంటనే తీసేసేదాన్ని. నేను ఆ పని చేయలేదు. తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఆ ఒక్క పొరపాటే.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. సరిగ్గా ఆ రోజుకే ఎనిమిది పిల్లలు బయటికి వచ్చాయి, ఒక గుడ్డు మురిగిపోయింది. పెంకులోంచి వచ్చే ముందు పిల్ల పచ్చసొనలో మిగిలినదాన్ని కడుపులోకి తీసుకుంటుంది కాబట్టి, రెండు రోజుల వరకు మేత లేకపోయినా తట్టుకోగలదు. వెనకబడ్డ గుడ్ల కోసం తల్లి గూట్లో ఆగగలిగేది కూడా ఆ రెండు రోజులే. ఆ గడువు దాటితే పుట్టిన పిల్లలకు మేత చూపించడానికి అది లేవక తప్పదు. 23వ రోజు ఉదయం మా పెట్ట ఎనిమిది పిల్లలను వెంటేసుకుని బయటికి వెళ్లిపోయింది. గూట్లో చివరి గుడ్డు అప్పటికే చిట్లి ఉంది, అందులోంచి సగం బయటపడిన నల్లటి పిల్ల తడితో వణుకుతోంది.

దాన్ని చేతిలోకి తీసుకుంటే కాళ్లు చల్లగా తగిలాయి. నీరసించిపోయిందన్న భయంతో, కంగారులో, ముందుగా నోట్లో నీళ్ల చుక్కలు వేయబోయాను. అప్పుడే వచ్చిన మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు దానికి వెచ్చదనం కావాలే, మేతా నీళ్లూ తర్వాత చూసుకోవచ్చు" అంది. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు మింగే శక్తి ఉండదు, నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, కడుపులోకి పోయినది అరగదు కూడా. ఇలాంటి పిల్ల చేతికి వచ్చిన ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఈ మాటే.

అట్టపెట్టెలో ఒక మూల పైన 40 వాట్ల బల్బు, అట్టకు గానీ గుడ్డకు గానీ తగలకుండా, గట్టిగా కట్టాను. పిల్ల పడుకునే ఎత్తులో ఉష్ణమాపకం ఉంచి, అక్కడ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండేలా బల్బును పైకీ కిందికీ జరిపాను. పెట్టెలో రెండో చివర చల్లగానే వదిలాను, వేడి ఎక్కువైతే పిల్ల తప్పుకోవడానికి చోటుండాలి కదా. నిజానికి ఉష్ణమాపకం కంటే పిల్లే బాగా చెబుతుంది: బల్బు కిందే ముడుచుకుని అరుస్తుంటే చలి వేస్తున్నట్టు, దూరంగా పోయి రెక్కలు చాపి నోరు తెరిస్తే ఉడికిపోతున్నట్టు. కింద వార్తాపత్రిక పరిస్తే నున్నగా ఉండి లేత కాళ్లు పక్కలకు జారి వంకరపోతాయి కాబట్టి గరుకు గుడ్డ పరిచాను.

మూడు గంటల్లో నూగు ఆరి, పిల్ల నిలబడింది. అప్పుడు గోరువెచ్చని నీళ్లున్న సీసా మూతలో గులకరాళ్లు వేసి, ముక్కు కొనను ఒక్కసారి ముంచాను. అంత చిన్న మూతలో కూడా పిల్ల మునిగి చచ్చిపోగలదు, రాళ్లు వేసింది అందుకే. తర్వాత పిల్లల స్టార్టర్ దాణా (పుట్టిన తొలి వారాల్లో పెట్టే మేత) చల్లి, తల్లి ముక్కుతో పొడిచి చూపినట్టే వేలితో టకటక కొట్టాను. మొదట వేలినే పొడిచింది, కాసేపటికి దాణాను పొడిచింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి దాన్ని తల్లి దగ్గరికి చేర్చే ప్రయత్నం చేశాను. చీకట్లో కోళ్లకు చూపు సరిగా ఆనదు, ఆ సమయంలో పిల్లను మెల్లగా కడుపు కిందికి జరిపితే తెల్లారేసరికి తనదనుకునే అవకాశం ఉంటుంది. మా పెట్ట రాత్రంతా దాన్ని రెక్క కిందే ఉంచుకుంది. నేను మాత్రం తెల్లవారుజామునే వెళ్లి పక్కన కూర్చున్నాను, అలా కూర్చోవడమే మంచిదయింది. వెలుతురు రాగానే పెట్ట పసుపుపచ్చ పిల్లల మధ్య ఈ నల్లదాన్ని చూసి నెత్తిన రెండు పోట్లు పొడిచింది. రంగు వేరు కావడం వల్లనో, ఆ రెండు రోజుల్లో తన పిల్లల గొంతులు గుర్తు పెట్టుకోవడం వల్లనో అలా చేసిందని అనుకుంటున్నాను. నాకు దాని మీద కోపం రాలేదు. ఎనిమిదింటిని కాపాడుకుంటున్న తల్లి అది. నెత్తురు కనబడితే మిగతా పిల్లలు కూడా పొడుస్తాయి కాబట్టి, గాయాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి మళ్లీ పెట్టెలోకి తెచ్చాను.

మూడో రోజున వెనకవైపు రెట్ట ఎండి ద్వారం మూసుకుపోయింది. అలాగే వదిలేస్తే పిల్ల బతకదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి, లాగకుండా, మెత్తబడ్డాకే తీశాను. కడుపు వైపు ఎండిన బొడ్డు ఉంటుంది, రెట్ట అనుకుని దాన్ని పీకితే ప్రాణానికే ముప్పు.

అన్నిటికంటే కష్టమైనది దాని ఒంటరితనం. కడుపు నిండి, వెచ్చగా ఉండి కూడా గంటల తరబడి గట్టిగా అరిచేది. పెట్టెలో చిన్న అద్దం, మెత్తని ఈకల కుచ్చు పెట్టాక కుచ్చు కిందికి దూరి నిద్రపోయేది. వారానికి మూడు డిగ్రీల చొప్పున వేడి తగ్గిస్తూ, రెండో వారం నుంచి ఎండ ఉన్న వేళల్లో జాలీ పంజరంలో తల్లీపిల్లల పక్కనే ఉంచాను. ముందు పెట్ట జాలీని పొడిచేది, తర్వాత పట్టించుకోవడం మానేసింది. పిల్లలు మాత్రం జాలీకి అటూ ఇటూ ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టాయి.

ఆరో వారానికి నల్లదానికి ఒళ్లంతా ఈకలు వచ్చాయి, బల్బు తీసేశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్ట మళ్లీ గుడ్లకు వచ్చి, దగ్గరికి వచ్చిన సొంత పిల్లలను కూడా పొడిచి తరమసాగింది. ఈ వయసులో అది సహజమే, అప్పుడు మనం చేయవలసింది ఏమీ లేదు. ఆ సాయంత్రం పంజరం తలుపు తీసి వదిలాను. చీకటి పడ్డాక దీపం పట్టుకుని వెళ్లి చూస్తే, తల్లి ఒక్కతే పైదూలం మీద ఉంది, కింది కర్ర మీద తొమ్మిది పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. నల్లది చివరినుంచి రెండోది.