సైట్ లాగ్: కదలని 9 లింకులు

పదకోశం పేజీలో లింకులన్నీ ఈ రాత్రికి పనిచేశాయి! నాలుగు రోజులు పట్టింది.

పేజీ చిన్నదే. 42 వెబ్ మాటలు, పైన పట్టిక, కింద అర్థాలు. లింకు ఎక్కడికి దూకాలో చెప్పే పేర్లను, అంటే ఐడీలను, తెలుగులోనే పెట్టాను. వెబ్ పేజీలు రాసే భాష పాత రూపం హెచ్‌టీఎమ్‌ఎల్ 4 అయితే ఒప్పుకునేది కాదు, ఇప్పుడు మధ్యలో ఖాళీ లేకుంటే చాలు. 33 లింకులు దూకాయి. 9 మాత్రం నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ముందు, అతుక్కుని ఉండే హెడర్ కింద మాట దాక్కుంటోందేమో అనుకున్నాను. కానీ పేజీ అసలు కదలడమే లేదు. తర్వాత ఐత్వం మీద అనుమానం వచ్చింది. అక్షరాలకు కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. 'సైట్', 'సైజ్' ఆ తొమ్మిదిలోనే ఉన్నాయి మరి. నార్మలైజ్ చేసి, అంటే రెండు రాతలనూ ఒకే రూపానికి తెచ్చి చూశాను, ఏమీ మారలేదు. పైగా 'ఫాంట్'లో ఐత్వమే లేదు. ఒక్కటి గమనించాను: తొమ్మిదీ పొల్లుతో ముగిసే మాటలే. అయితే పొల్లుతో ముగిసేవి ఇంకో 14 చక్కగా దూకుతున్నాయి. అక్కడే రెండు రోజులు పోయాయి.

చివరికి బ్రౌజర్ కన్సోల్‌లో మాటల పొడవు (ఎన్ని కోడ్‌లున్నాయో) అడిగాను. లింకులో 'ఫాంట్' 5, ఐడీలో 'ఫాంట్' 6! కంటికి రెండూ ఒకటే. ఆ ఆరోది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరాలు కలిసి వత్తు కాకుండా ఆపే కనపడని అక్షరం, కోడ్ 200సీ. యూటీఎఫ్-8లో 3 బైట్లు, అడ్రస్‌లో ఒక్కో బైటు 3 క్యారెక్టర్లుగా మారుతుంది, కాబట్టి ఆ ఐడీ ఉన్న అడ్రస్‌ను కాపీ చేస్తే చివర 9 క్యారెక్టర్లు ఎక్కువ వస్తాయి. నార్మలైజేషన్ దాన్ని తీసేయదు. పట్టికను ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికతో కొట్టాను, కొన్ని అర్థాలు బస్సులో ఫోన్‌లో కొట్టాను. ఫోన్ కీబోర్డే పొల్లు తర్వాత దాన్ని చేరుస్తోందని నా ఊహ.

నేను వాడే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో రెజెక్స్‌తో (నమూనాతో వెతికే పద్ధతి) వెతికి అన్నీ ఒకేసారి తీసేస్తే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోయింది. మాట మధ్యలో అది ఉండాల్సిందే. అన్‌డూ చేసి, ముగింపు కోట్ ముందున్నవి మాత్రమే తీశాను. సరిగ్గా 9 దొరికాయి.

ఇలాంటి వేటకు టెర్మినల్‌లో నడిచే ఎడిటర్ విమ్ చాలా మంచిది, ఆ అక్షరాన్ని 200సీ అని ఎదురుగా చూపిస్తుంది. కానీ టెర్మినల్‌లో వత్తులు చెదిరిపోతాయి, తెలుగు రాయడానికి నాకు వీఎస్ కోడే హాయి. ట్యాగులు తనంతట తనే మూసే ఎక్స్‌టెన్షన్లు మాత్రం తీసేశాను. చేత్తో మూస్తేనే ఏది దేనిలో ఉందో చేతికి గుర్తుంటుంది.

మండలి ఫాంట్ కుదిరింది. లైన్ హైట్ 1.8 పెట్టాక వత్తులు తెగడం లేదు.

ఇక పట్టికను అకారాది క్రమంలో పెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో తెలుగు కొలేటర్‌తో (మాటలను భాష క్రమంలో పేర్చే సాధనం) మొదలుపెడతాను. ముందుగా సున్నా ఉన్న మాటలు ఎక్కడ పడతాయో చూడాలి.