జలుబు ఛాతీలోకి దిగితే ఉబ్బసం ఉన్నవాళ్లు ఏం చేయాలి

ఉబ్బసం ఉన్నవాళ్లకి జలుబు ముక్కుతో పోదు. మూడోరోజుకి గొంతులోకి దిగుతుంది, అయిదోరోజుకి ఛాతీలో గురగుర మొదలవుతుంది, పదోరోజుకి తెల్లవారుజామున దగ్గుతో మెలకువ వస్తుంది. అప్పుడు మందుల షాపులో అడిగి మూడురోజుల అజిత్రోమైసిన్, ఒక దగ్గు సిరప్ తెచ్చుకుంటారు. తగ్గదు. ఈసారి ఇంకాస్త గట్టి యాంటీబయాటిక్. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇదే తంతు. "నాకు ఛాతీ ఇన్ఫెక్షన్ ఊరికే వస్తుందండీ" అనేవాళ్లలో చాలామందికి ఉన్నది అదుపులో లేని ఉబ్బసమే.

జలుబు వైరస్, ఎక్కువసార్లు రైనోవైరస్, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అయితే అప్పటికే వాచి ఉన్న శ్వాసనాళాల్లో అది దూరితే వాపు ఇంకా పెరుగుతుంది, తెమడ చిక్కబడుతుంది, నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. వైరస్ పోయినా ఆ వాపు వారాల తరబడి ఉంటుంది. యాంటీబయాటిక్ వైరస్‌నీ చంపదు, వాపునీ తగ్గించదు. కఫం పచ్చగా వస్తోంది కదా అంటారు. ఆ పచ్చదనం మన తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైమ్ రంగు. వైరస్ జలుబులోనూ అలాగే వస్తుంది. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, గాలి పీల్చినప్పుడు ఒక పక్క పొడిచినట్టు నొప్పి, తుప్పురంగు కఫం, ఎక్స్‌రేలో న్యుమోనియా మచ్చ, ఇలాంటివి ఉంటే యాంటీబయాటిక్ మాట వస్తుంది. అప్పుడు డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాలి.

కాబట్టి పదోరోజు యాంటీబయాటిక్ కన్నా మొదటిరోజు ఇన్హేలర్ ముఖ్యం. మన దగ్గర చాలామంది చేతిలో ఉండేది నీలంరంగు సాల్బుటమాల్ ఒక్కటే. అది బిగుసుకున్న కండరాన్ని కొన్ని గంటలు వదులు చేస్తుంది, వాపు జోలికి వెళ్లదు. వాపును తగ్గించేది స్టెరాయిడ్ ఇన్హేలర్. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతా అనుసరించే జినా మార్గదర్శకాలు 2019 నుంచీ పన్నెండేళ్లు దాటినవాళ్లకి సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి పంపొద్దని చెబుతున్నాయి. బాగున్నప్పుడు స్టెరాయిడ్ ఇన్హేలర్ మానేసి, జలుబు చేశాక వెతుక్కోవడం వల్లే సగం కష్టాలు.

బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ వాడేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది గనక, డాక్టర్ ఆ పద్ధతి రాసిస్తే, పొద్దున సాయంత్రం పఫ్‌లతో పాటు ఆయాసం వచ్చినప్పుడల్లా అదే ఇన్హేలర్‌తో ఇంకో పఫ్ తీసుకోవచ్చు. 200/6 మోతాదు (బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు) దానితో పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 12 పఫ్‌లు హద్దు. ఆ హద్దు దగ్గరికి వస్తున్నారంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోవాలి. ఫ్లూటికసోన్, సాల్మెటెరాల్ ఇన్హేలర్‌తో ఇలా చేయకూడదు. సాల్మెటెరాల్ నెమ్మదిగా పనిచేస్తుంది, అదనపు పఫ్‌ల వల్ల ఆయాసం తగ్గదు, గుండెదడ వస్తుంది.

మందు సరైనదే అయినా, పీల్చే తీరు తప్పితే అది నాలుక మీదే ఉండిపోతుంది. స్ప్రే ఇన్హేలర్‌ని బాగా కుదపాలి. కొత్తదైనా, కొన్నాళ్లు వాడనిదైనా రెండు పఫ్‌లు గాల్లోకి వదలాలి. ఊపిరి మొత్తం బయటికి వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. నాలుగైదు సెకన్లపాటు పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. రెండో పఫ్‌కి ముందు అర నిమిషం ఆగి మళ్లీ కుదపాలి. జలుబు రోజుల్లో పీలుస్తుండగానే దగ్గు తెర వస్తుంది, అందుకే స్పేసర్, అంటే ఇన్హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం, తప్పనిసరి అంటాను. స్పేసర్‌లోకి ఒక్క పఫ్ కొట్టి అయిదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు గోడలకు అంటుకుపోతుంది. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కి పుట్టే విద్యుదావేశం మందును లాగేసుకుంటుంది. గుళిక పెట్టి వాడే రోటాహేలర్ పద్ధతి వేరు: గట్టిగా, వేగంగా పీల్చాలి, దాంట్లోకి ఊపిరి వదలకూడదు, తడి తగిలితే పొడి గడ్డకడుతుంది. ఏ స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడినా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇంట్లో ఉంటే, ఉబ్బసం ముదురుతోందా అన్న సందేహం తీరుతుంది. బాగున్న రోజుల్లో, ప్రతిసారీ మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె రాసుకుంటూ రెండు వారాలు చూస్తే మీ అత్యధిక అంకె తెలుస్తుంది. అది 400 అనుకుందాం. జలుబులో 320 కన్నా తగ్గితే డాక్టర్ రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం మందు పెంచాలి. 240 కన్నా తగ్గినా, పెంచాక 48 గంటల్లో మార్పు లేకపోయినా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు అవసరమవుతాయి. పెద్దవాళ్లకి మామూలుగా రోజుకి 40 నుంచి 50 మి.గ్రా., పొద్దున టిఫిన్ తిన్నాక, 5 నుంచి 7 రోజులు. ఇంత చిన్న కోర్సుకి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రానక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు ఆ వారం రోజూ చూసుకోవాలి. పిల్లల మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ప్రతి జలుబుకీ ఆర్‌ఎంపీ దగ్గర డెరిఫిల్లిన్, డెక్సామెథాసోన్ (ఇదీ స్టెరాయిడే) సూదులు వేయించుకునే అలవాటు మాత్రం మానండి. ఆ రోజుకి హాయిగా ఉంటుంది, ఏళ్లు గడిచేసరికి ఎముకలు గుల్లబారతాయి.

డెరిఫిల్లిన్ మాత్రల్లో థియోఫిలిన్ ఉంటుంది. అవి వాడుతున్నవాళ్లకి సిప్రోఫ్లాక్సాసిన్ గానీ క్లారిత్రోమైసిన్ గానీ (రెండూ యాంటీబయాటిక్‌లే) తోడైతే రక్తంలో థియోఫిలిన్ పెరిగి వాంతులు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఒళ్లునొప్పులకి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కొందరిలో ఉబ్బసాన్ని రేపుతాయి. పారాసెటమాల్ నయం. ఇంట్లో జలుబు ఉన్నన్నాళ్లూ సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరుబత్తి బంద్. పిల్లలకి మరిగే గిన్నెతో ఆవిరి పట్టొద్దు, కాలిన కేసులు ఎన్నో. మృగశిర కార్తెకి నాంపల్లిలో చేపప్రసాదం తీసుకునేవాళ్లు తీసుకోండి, ఇన్హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

మాట పూర్తిచేయలేకపోవడం, పెదాలు నీలం తిరగడం, ఆక్సిమీటర్ 94 కన్నా తక్కువ చూపడం, సాల్బుటమాల్ తీసుకున్నా గంటల్లోనే మళ్లీ అవసరం రావడం, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కొక్కటిగా 4 నుంచి 10 పఫ్‌లు, ఇరవై నిమిషాలకోసారి ఇవ్వాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా ఉంటే అది తగ్గడం కాదు, గాలి ఆడకపోవడం.

దగ్గు రెండు వారాలు దాటితే ఉబ్బసం ఉన్నవాళ్లయినా కఫం పరీక్ష చేయించుకోవాలి. మన దేశంలో క్షయను మరచిపోవడానికి వీల్లేదు, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం. తేరుకున్నాక ఏటా ఫ్లూ టీకా గురించీ, నిమోకోకల్ టీకా గురించీ అడగండి. ఇన్హేలర్ వెనక, ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే అంకె ఉంటే అది కూడా చూసుకోండి. సున్నాకి వచ్చాక కూడా ఇన్హేలర్ బుస్సుమంటుంది, వచ్చేది వట్టి గ్యాసే.