పప్పన్నం తోడుకున్న రోజు

జూన్‌లో బడి తెరవగానే మా పాపకి స్టీలు ఫుడ్ జార్ ఒకటి కొన్నాను, అర లీటరుది. ఏడున్నరకి బస్సు, పన్నెండున్నరకి భోజనం. మామూలు బాక్సులో అన్నం చల్లారి గడ్డకడుతోందని సగం తిని సగం వెనక్కి తెచ్చేది. రెండు గోడల మధ్య గాలి తీసేసిన డబ్బా కదా, ఇక టెన్షన్ లేదనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం మూత తీస్తే గుప్పున పులిసిన వాసన. పప్పన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. "అదోలా ఉందమ్మా, తినలేదు" అంది పాప. తినకపోవడమే మంచిదైంది. డబ్బా వెనక్కి ఇచ్చేద్దామని బిల్లు వెతుకుతుంటే అత్తయ్య అడిగారు, ఎంత వేడి మీద పెట్టావని. నోరు కాలుతుందేమోనని పళ్లెంలో ఆరబెట్టి, గోరువెచ్చగా అయ్యాకే పెట్టానన్నాను. ఆవిడ నవ్వేశారు. "చలికాలంలో పెరుగు తోడుకోకపోతే గిన్నెని హాట్‌ప్యాక్‌లో పెడతాం చూడు. నువ్వు పప్పన్నానికి అదే చేశావు."

నిజమే, ఆ డబ్బా వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని తొందరగా పోనివ్వదు, అంతే. సూక్ష్మజీవులు పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. నేను సరిగ్గా ఆ గోరువెచ్చదనాన్నే గంటల తరబడి కాపాడి ఇచ్చాను. అన్నంతో ఇంకో చిక్కు కూడా ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి పెరిగి విషం వదులుతాయి, దాన్ని మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని పొద్దున్నే పోపు వేసి సర్దడం మానేశాను. పోపన్నం పోయిందని మావారికి ఇప్పటికీ అలకే.

ఒక సెలవు రోజున వంటింటి థర్మామీటర్ పెట్టి చూశాను. ఖాళీ డబ్బాలో నేరుగా, సగం దాకా వేడి సాంబారన్నం పెడితే ఐదు గంటలకి 49 డిగ్రీలు. మర్నాడు ముందుగా మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీంచి దించిన అన్నాన్ని నిండా పెడితే 66. చల్లటి స్టీలూ, ఖాళీ జాగా ఎంత వేడిని తాగేస్తాయో అప్పుడు తెలిసింది. ఇప్పుడు కుక్కర్ ప్రెషర్ దిగేలోపు డబ్బాలో నీళ్లు పోసి ఉంచుతాను. అన్నం, పప్పు కలిపి కాస్త జారుగా, కుతకుతలాడేదాకా మళ్లీ ఉడికించి నింపేస్తాను.

అప్పుడు మూత రావట్లేదని కొత్త ఫిర్యాదు మొదలైంది. లోపల ఆవిరి చల్లబడి మూతని లాగి పట్టేస్తుంది. మూత మధ్యలో ఉన్న బొత్తం అందుకేనట. నేనేమో దాన్ని అలంకారం అనుకున్నాను! అంత వేడి నేరుగా నోట్లో పెట్టుకోకుండా చిన్న స్టీలు ప్లేటు కూడా ఇస్తున్నాను, అందులో వేసుకుని ఆరాక తింటుంది.

పెరుగన్నానికి అంతా తలకిందులు. డబ్బాలో ఐసు నీళ్లు పోసి ఉంచి, ఫ్రిజ్‌లో బాగా చల్లబడిన పెరుగన్నం పెట్టాలి. వేడన్నంలో పెరుగు కలిపి మూత బిగిస్తే మళ్లీ పాత కథే.

మూత లోపలి రబ్బరు రింగు ఊడి వస్తుందని తెలియడానికి నాకు నెల పట్టింది. కింద పసుప్పచ్చటి పప్పు జిడ్డు, చెప్పుకోడానికి సిగ్గేసింది. ఇప్పుడు రోజూ తీసి తోముతున్నాను.

వెనక్కి వచ్చింది పారేస్తే అత్తయ్యకి ప్రాణం ఒప్పదు. నింపకపోతే వేడి నిలవదు, నింపితే పాప తినలేదు. ఇద్దరం ఆలోచించి 300 మిల్లీలీటర్ల డబ్బా కొన్నాం. పెద్దది సాంబారుతో మావారి ఆఫీసుకి వెళ్తోంది.