హౌస్‌కీపింగ్ ఏజెన్సీ కోసం వెతికితే: రేటు కంటే ముందు పీఎఫ్ పాస్‌బుక్ చూడండి (నా అనుభవం)

నిన్న సాయంత్రం కొత్త హౌస్‌కీపింగ్ ఏజెన్సీతో అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి. మాదాపూర్‌లో ఒక ఫ్లోరు, యాభై సీట్ల ఆఫీసు మాది. ఈ మధ్యలో జరిగినదానికి నా కడుపుమంట ఇంకా చల్లారలేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

పాత ఏజెన్సీని మార్చడానికి కారణం వాష్‌రూములు. టాస్కీ ఆర్6 టాయిలెట్ బౌల్లో వేయాల్సిన యాసిడ్ మందు. వాళ్ల సూపర్‌వైజర్ దాన్ని వాష్‌బేసిన్ చుట్టూ ఉన్న మార్బుల్ మీద కూడా పోయించాడు. రాయి మెరుపు పోయి తెల్లగా పొడిబారింది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప బాగుపడదు. ఏ మందు ఎక్కడ వాడతారో అడగండి. బాత్రూములకి ఆర్1, ఫ్లోరుకి ఆర్2, అద్దాలకి ఆర్3 అని తడుముకోకుండా చెప్పలేని సూపర్‌వైజర్ని అక్కడే పంపించేయండి.

కొటేషన్లు తెప్పించడం, వాళ్లొచ్చి ఫ్లోరు చూసుకుని వెళ్లడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. అందరికంటే తక్కువ రేటు ఇచ్చిన ఏజెన్సీ మా సార్‌కి నచ్చింది. మనిషికి జీతం 14,000 అని రాసి, జీఎస్టీ కాకుండా మొత్తం 15,000 అన్నారు. నేను కాగితం మీద లెక్క వేశాను. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, ఇన్సూరెన్సు, అడ్మిన్ చార్జీలు ఇంకో శాతం, అంటే 1,820. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, 3.25 శాతం, 455. ఇక్కడికే 16,275 అయింది. బోనస్, సెలవులు, యూనిఫాం, వాళ్ల సర్వీస్ చార్జీ ఇంకా కలపనేలేదు. మరి 15,000కి ఎలా చేస్తారు? ఎవరి నోరో కొడితేనే కదా!

అదే అడిగాను. పీఎఫ్ ఈసీఆర్, అంటే ఏజెన్సీ నెలనెలా పీఎఫ్ ఆఫీసుకి పంపే లెక్క, దాని కాపీ తెమ్మన్నాను. చలానా వేరు, ఈసీఆర్ వేరు. చలానాలో మొత్తం ఎంత కట్టారో ఉంటుంది. ఎవరి పేరున, ఏ యూఏఎన్ నంబరుకి (ప్రతి ఉద్యోగికీ ఉండే పీఎఫ్ నంబరు) ఎంత పడిందో ఈసీఆర్‌లో ఉంటుంది. వాళ్ల మేనేజర్ సార్ క్యాబిన్లో కూర్చుని, నా వైపు చూడకుండా సార్‌తో, "ఇన్నేళ్లలో మమ్మల్ని ఎవరూ ఇలా అడగలేదు సార్. నాలుగు మాప్‌లు పట్టే పనికి ఇంత ఆడిటా? మేడమ్‌గారికి బాత్రూములు శుభ్రంగా ఉండాలా, మా ఫైళ్లు కావాలా?" అన్నాడు. సార్ నవ్వారు. అకౌంట్స్ ఆయనా నవ్వాడు. పైగా సార్, "వదిలేయమ్మా, చిన్న విషయం" అన్నారు. ఇన్నేళ్లుగా అడ్మిన్ చూస్తున్నదాన్ని, బయటివాడి ముందు ఆ మాట పడ్డాక తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు.

మర్నాడు మెయిల్లో చలానా ఒక్కటే పంపాడు. పేర్లు కావాలంటే ఎక్సెల్ షీట్ పంపాడు. ఎక్సెల్ ఎవరైనా టైపు చేస్తారు, దానికి విలువ లేదు.

ఆ సాయంత్రమే, పాత ఏజెన్సీ తరఫున మా దగ్గర పనిచేసే అక్క పాంట్రీలో కప్పులు కడుగుతూ, "మేడమ్, కొత్తోళ్లు పీఎఫ్ కట్ చేస్తరా? వీళ్లు చేస్తున్నరు గానీ అది యాడికి పోతదో తెల్వదు" అంది. ఆమె ఫోన్లోనే ప్రభుత్వం వాళ్ల ఉమంగ్ యాప్ వేశాం. యూఏఎన్ కొట్టి, ఆమెకొచ్చిన ఓటీపీ పెట్టి, పాస్‌బుక్ తెరిచాం. మొదట్లో కొన్ని నెలలు ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా వరుసగా పడ్డాయి. ఆ తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. అక్క స్క్రీన్‌ని వేలితో పైకీ కిందికీ జరుపుతూ, "ఇంకా కింద ఉంటయేమో మేడమ్, సూడు" అంటూనే ఉంది. జీతంలో కోత మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. మా బిల్లులో పీఎఫ్ లైను కూడా ఆగలేదు. అంటే ఆమె దగ్గరా తీసుకున్నారు, మా దగ్గరా తీసుకున్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేశారు. మనం వాడిన టాయిలెట్ కడిగే మనిషి ముసలితనానికి దాచుకునే డబ్బది. దాన్ని తినేవాళ్లకి ఏ ఆఫీసూ పని ఇవ్వకూడదు.

పాస్‌బుక్ స్క్రీన్‌షాట్, మా పాత బిల్లులు పక్కపక్కనే ప్రింటు తీసి సార్ టేబుల్ మీద పెట్టాను. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పీఎఫ్, ఈఎస్ఐ రెండిట్లోనూ ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా, అంటే పని చేయించుకునే అసలు యజమానిగా, బాధ్యత మన మీదికి వస్తుందని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆడిటర్లు కూడా పట్టని విషయం నేను పట్టుకున్నానని గర్వంగానే చెప్పుకుంటాను.

చివరికి ఖాయం చేసిన ఏజెన్సీ రేటు ఎక్కువే. కానీ ఈసీఆర్ అడిగిన రోజునే పంపారు. అందరికీ ఉన్న ఈఎస్ఐ ఈ-పెహచాన్ (గుర్తింపు) కార్డులు చూపించారు. అక్కని వాళ్ల రోల్స్‌లోకి తీసుకున్నారు, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఇంటివాళ్లకి కూడా చూపించుకోవచ్చని ఆమెకి వివరించి చెప్పారు. డెమో రోజు వాష్‌రూముకి ఎర్ర గుడ్డ, డెస్కులకి నీలం గుడ్డ విడివిడిగా వాడారు. ఉదయం ఎవరైనా బాగానే చేస్తారు, మీరు డెమో లంచ్ తర్వాత పెట్టించండి.

అగ్రిమెంట్‌లో నేను పట్టుబట్టి రాయించిన షరతు ఒకటుంది. ప్రతి నెల బిల్లుతో పాటు కిందటి నెల ఈసీఆర్, ఈఎస్ఐ చలానా జతచేయాలి, లేకపోతే బిల్లు పాస్ కాదు. అక్క తరఫున ఈపీఎఫ్ఓ (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) గ్రీవెన్స్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. పాత ఏజెన్సీవాళ్లు ఆఖరి బిల్లు కోసం రోజూ ఫోన్ చేస్తున్నారు. బకాయిలన్నీ ఆమె పాస్‌బుక్‌లో పడ్డాకే చెక్కు ఇస్తామని సార్‌చేతే చెప్పించాను.