మూసేయరు, టైమింగ్స్ మారుస్తారు అంతే

పోయిన నెల మా మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ గేటుకి ఒక ప్రింటౌట్ అంటించారు. ఇకమీదట సాయంత్రం ఐదింటికే క్లోజ్, సోమవారం సెలవు, కారణం సిబ్బంది కొరత. అంతే, మూడు ముక్కలు. ఇంతకుముందు ఎనిమిదింటిదాకా ఉండేది, నేను ఆఫీసయ్యాక ఆరున్నరకి వెళ్లేవాణ్ణి, రోజు మొత్తంలో చేతిలో ఫోన్ లేని నలభై నిమిషాలు అవే నాకు. ఐదింటికి మూసేస్తే ఉద్యోగం చేసేవాళ్లు ఎప్పుడెళ్లాలి, స్కూలు అయ్యాక వచ్చే పిల్లలు ఎప్పుడెళ్లాలి, అది ఆ కాగితం మీద రాయలేదు మరి.

గేటు దగ్గర ఉండే ఆయన్ని కదిపితే అసలు సంగతి చెప్పాడు. ఇద్దరు లైఫ్‌గార్డుల కాంట్రాక్టు అయిపోయింది, వాళ్ల ప్లేసులో ఎవర్నీ తీసుకోలేదు. గమనించారా, ఎవరినీ పీకేయలేదు, ఖాళీ అయినదాన్ని ఖాళీగా వదిలేశారంతే, కాబట్టి "కోత" అనే మాట ఏ కాగితంలోనూ కనపడదు. లైఫ్‌గార్డు లేకుండా నీళ్లలోకి దింపకూడదు కాబట్టి గంటలు తగ్గాయి. ఇక మనం వెళ్లలేం కాబట్టి రిజిస్టర్లో పేర్లు తగ్గుతాయి, వచ్చే ఏడు బడ్జెట్టప్పుడు ఎవరో ఆ రిజిస్టర్ తిరగేసి "అసలు జనమే రావట్లేదు కదా" అంటారు. నాకు కోపం తెప్పించేది ఇదే, డబ్బుల్లేవంటే అర్థం చేసుకుంటా, తలుపు మీరే వేసి ఎవరూ రావట్లేదంటే ఎలా!

డబ్బు తక్కువైనప్పుడు ముందు పార్కులు, ఆటస్థలాల మీదే ఎందుకు పడతారంటే, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారే అదీ. చెత్త రెండ్రోజులు ఎత్తకపోతే ఊరంతా గోల, నీళ్లు రాకపోతే రోడ్డెక్కుతారు, జీతాలు ఆపలేరు, అప్పు వాయిదాలు ఆపలేరు. ఇంగ్లండ్‌లో అయితే ఈ తేడా చట్టంలోనే ఉంది, లైబ్రరీ నడపడం 1964 చట్టం ప్రకారం కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) బాధ్యత, స్విమ్మింగ్ పూల్‌కి మాత్రం అలాంటి బాధ్యత ఏదీ లేదు, ఉంటే ఉంచొచ్చు లేకపోతే లేదు. కాలిఫోర్నియాలో 1978లో ప్రపొజిషన్ 13 అని ఓటేసి ఆస్తి పన్నుని 1 శాతానికి కట్టేశారు, ఆస్తి పన్ను మీద వచ్చే ఆదాయం సగానికి పైగా పడిపోయింది, అక్కడా దెబ్బ ముందు తగిలినవాటిలో పార్కులు, లైబ్రరీలు, పిల్లల వేసవి క్లాసులు ఉన్నాయి.

పోనీ గంటలు తగ్గిస్తే నిజంగా మిగిలేదెంత? పూల్‌లో మనుషులున్నా లేకున్నా ఫిల్టర్ తిరగాలి, క్లోరిన్ వేయాలి, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి, లేకపోతే కొన్ని రోజుల్లోనే నాచు పట్టి పచ్చగా అయిపోతుంది. కరెంటు, కెమికల్స్ ఖర్చు పెద్దగా తగ్గదు, మిగిలేది ఆ ఇద్దరి జీతం. సరే మొత్తానికే నీళ్లు తీసేద్దాం అంటారా, అది ఇంకా ఘోరం, నేల కింద నీటి మట్టం ఎక్కువుంటే ఆ ఒత్తిడికి ఖాళీ పూల్ అడుగు పగులుతుంది, ఒక్కోసారి తొట్టి మొత్తం పైకి లేస్తుంది కూడా (నేనూ ముందు నమ్మలేదు). ఎండకి టైల్స్ ఊడతాయి, పంపు సీళ్లు ఎండిపోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అన్నమాట. పైగా కొత్తది కడితే శిలాఫలకం ఉంటుంది, పంపు సీలు మార్చినందుకు ఎవరైనా శిలాఫలకం వేయించుకుంటారా.

న్యూయార్క్‌లో మెక్‌కారెన్ పూల్ అని ఉంది, 1936లో ఆ నగరం ఒక్క వేసవిలోనే తెరిచిన 11 పెద్ద పూల్స్‌లో అదొకటి, 6,800 మంది పట్టేంత. 1975లో నగరం దివాలా అంచుకి వెళ్లాక పార్కుల సిబ్బందిని, మెయింటెనెన్స్‌ని బాగా కోసేశారు. 1984లో మెక్‌కారెన్‌ని రిపేర్ల కోసమని మూశారు, తెరిచింది 2012లో! మధ్యలో చుట్టుపక్కల వాళ్లే కొందరు మళ్లీ తెరవొద్దన్న గొడవలు కూడా ఉన్నాయి, తప్పంతా బడ్జెట్‌దే అనను, కానీ 28 ఏళ్లు అంటే అక్కడ ఈత నేర్చుకోవాల్సిన పిల్లలకి పిల్లలు పుట్టేసే టైము. చివరికి బాగు చేయడానికి దాదాపు 5 కోట్ల డాలర్లయింది.

అదే నగరంలో సెంట్రల్ పార్క్ కూడా అప్పట్లో పాడైపోయి ఉండేది, 1980లో దాతలంతా కలిసి ఒక ప్రైవేటు సంస్థ పెట్టుకుని దాన్ని నిలబెట్టారు. మంచిదే. కానీ ఆ పార్కు చుట్టూ ఉన్నది డబ్బున్నవాళ్ల ఇళ్లు. డబ్బులేని పేటలో పార్కు పాడైతే దాత ఎక్కణ్ణించి వస్తాడు? మనకి దాతలెందుకు, యూజర్ ఛార్జీలు పెంచుదాం అని ఇంకో ఐడియా ఎప్పుడూ రెడీగా ఉంటుంది. కొంచెం పెంచితే నేను కట్టేస్తా, నాకేం కాదు, నాతో పాటు ఆరున్నరకి ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చే ఆవిడ మాత్రం ఇక రాదు. ఆవిడ వచ్చేదే అక్కడ టికెట్ తక్కువ కాబట్టి.

ఉద్యమం చేసేంత ఓపిక నాకు లేదు, అబద్ధమెందుకు. ఒక అర్జీ మాత్రం రాసిచ్చా, ఉన్న గంటలే ఉంచండి, కానీ పొద్దునవి తీసి సాయంత్రం ఇవ్వండి అని. తీసుకుని ముద్ర వేశారు, ఇంకా జవాబు లేదు.

నిన్న ఆదివారం కదా అని వెళ్లా. మధ్యాహ్నం ఎండలో నీళ్లు వేడిగా, లేన్లన్నీ ఖాళీ. రిజిస్టర్లో నాది నాలుగో పేరు. దారం కట్టి ఉంచిన పెన్ను ఎంత గీసినా పడలేదు, ఇంకు అయిపోయింది. బ్యాగులోంచి నాది తీసి రాశా, కావాలనే కొంచెం పెద్ద అక్షరాలతో.