నారింజ రంగు కింద ముదురాకుపచ్చ: నా 1969 కమారో పని

నవంబరు 2, 2024, శనివారం

ఇంజిన్ కిందికి దించాను. అద్దెకు తెచ్చిన హాయిస్ట్‌తో, పక్కింటాయన సాయంతో మూడు గంటలు పట్టింది. మిషిగన్ చలికి గరాజ్‌లో చిన్న హీటర్ పెట్టుకున్నా వేళ్ళు కొంకర్లు పోయాయి. వెనక సీల్ నుంచి ఆయిల్ కారుతోంది. వెనక చక్రం పైన రంగు పొంగి, లోపల పుట్టీ కనిపిస్తోంది. ఈ రెండూ సరిచేద్దామనే విప్పడం మొదలుపెట్టాను.

ఇంతవరకు జరిగింది చెబుతాను. ఈ కారును రెండేళ్ళ కిందట వేలంలో కొన్నాను. కేటలాగ్‌లో "1969 షెవ్రొలే కమారో జెడ్/28, నంబర్స్ మ్యాచింగ్, పూర్తి రీస్టోరేషన్" అని రాశారు. జెడ్/28 అంటే కమారోలో రేసుల కోసం చేసిన రకం. నంబర్స్ మ్యాచింగ్ అంటే కారుతో పుట్టిన ఇంజినే ఇప్పటికీ అందులో ఉందని. హగ్గర్ ఆరెంజ్ రంగు, నల్ల చారలు. 46,000 డాలర్లకు పాట నాదైంది. పైన కమిషన్ 10 శాతం. వివరాలన్నీ అమ్మేవారు ఇచ్చినవేననీ, కారు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామనీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివాకే సంతకం పెట్టాను.

జెడ్/28కి అంత ధర ఎందుకో చెప్పాలి. ట్రాన్స్-ఆమ్ అనే అమెరికా కార్ల రేసుల్లో అప్పట్లో ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదు. దాని కోసం షెవ్రొలే 4 అంగుళాల బోర్ (సిలిండర్ వెడల్పు), 3 అంగుళాల స్ట్రోక్‌తో (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 302 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ చేసింది, అంటే 5 లీటర్లకు కాస్త తక్కువ. 1967లో ఇలాంటి కార్లు 602 మాత్రమే. 1969లో 20,302 వచ్చాయి. ఆ ఏడాది మొత్తం కమారోలు 2,43,085. అంటే జెడ్/28 కాని మామూలు కమారోలు రెండు లక్షలకు పైనే. బ్యాడ్జి, చారలు, హుడ్ అన్నీ కొత్తవి దొరుకుతాయి. మొత్తం బాడీనే కొత్తగా చేసి అమ్మేవాళ్ళున్నారు. కాబట్టి కంటికి కనిపించేదేదీ రుజువు కాదు.

పాంటియాక్ జీటీవో కొన్నవాళ్ళ పని సులువు. పీహెచ్ఎస్ అనే సంస్థకు నంబరు పంపితే ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డు నకలు ఇస్తుంది. 1967 నుంచి ఫోర్డ్ కార్లకు మార్టీ రిపోర్ట్ అని ఇలాంటిదే ఉంది. క్రైస్లర్ వాళ్ళవైతే 1970 నాటి విన్‌లో (కారు గుర్తింపు నంబరులో) అయిదో అక్షరమే ఇంజిన్ ఏదో చెబుతుంది, ఆర్ ఉంటే 426 హెమి ఇంజిన్. అమెరికాలో తయారైన ఇలాంటి షెవ్రొలేలకు ఏ ఇంజిన్‌తో వచ్చిందో చెప్పే రికార్డు అడిగి తెప్పించుకోవడానికి లేదు. నా విన్ 124379ఎన్‌తో మొదలవుతుంది. 1 అంటే షెవ్రొలే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కమారో, 37 కూపే, 9 సంవత్సరం, ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. వీ8 అని చెబుతుంది, ఏ వీ8 అన్నది చెప్పదు.

నవంబరు 9

ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు ముందు, బ్లాక్ (ఇంజిన్ ప్రధాన దిమ్మ) మీద ఒక చిన్న చదునైన ప్యాడ్ ఉంటుంది. ఇంజిన్ కోడ్, కారు నంబరు కొట్టేది అక్కడే. దాన్ని బ్రేక్ క్లీనర్, పాత బనియన్ గుడ్డతో తుడిచాను. ఇక్కడ గరుకు కాగితం, వైర్ బ్రష్ అస్సలు వాడకూడదు. మనకు కావలసింది అంకెల మధ్య ఉన్న లోహపు గీతలు, రుద్దితే అవే పోతాయి.

అంకెలు స్పష్టంగా ఉన్నాయి: వీ1004డీజెడ్. వీ అంటే ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్, అక్టోబరు 4, డీజెడ్ అంటే 1969 జెడ్/28 వారి 302. పక్కనే కారు నంబరు చివరి భాగం, 19ఎన్5తో మొదలై. బాడీ ట్యాగ్ (ఫ్యాక్టరీ వివరాల రేకు) మీద 10సీ, అంటే 1968 అక్టోబరు మూడో వారం; 1969 మోడల్ కార్ల తయారీ ముందు ఏడాదే మొదలైంది. చదివితే అంతా సరిపోతోంది.

టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు ప్యాడ్‌కు ఆనించి వేసినప్పుడు తేడా కనిపించింది. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచ్ అనే పళ్ళ కోత పనిముట్టుతో చదును చేసినప్పుడు ముందునుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడతాయి. నా ప్యాడ్ మీద గుండ్రటి చారలున్నాయి, శాండింగ్ డిస్క్ తిరిగినట్టు. ఇదొక్కటే మోసానికి రుజువు కాదు. ఇంజిన్ బాగుచేసినప్పుడు మెషిన్ షాపులో డెక్ (బ్లాక్ పైభాగం) చదును చేసినా గీతలు పోతాయి. కానీ అప్పుడు అంకెలు కూడా పోవాలి కదా.

ఇంకొకటి. ఇంజిన్ కోడ్ కొట్టేది ఫ్లింట్‌లో, కారు నంబరు కొట్టేది నార్‌వుడ్‌లో. రెండు ఊళ్ళు, రెండు సెట్ల అచ్చులు. నా బ్లాక్ మీద రెండు వరుసల్లోనూ 1 ఒకేలా ఉంది, కింది కాలు విరిగిన తీరు కూడా ఒకటే.

పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను. గుంటూరు ఆర్టీవో ఆఫీసు ముందు మా నాన్నగారు బజాజ్ చేతక్ ఛాసిస్ నంబరు ఇలాగే తీయడం చిన్నప్పుడు చూశాను. ఫోటోలో రానివి పెన్సిల్ అచ్చులో వస్తాయి. లోతు తేడా కూడా తెలుస్తుంది.

నవంబరు 10

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే బ్లాక్ వెనకవైపు, గేర్‌బాక్స్ తగిలే అంచు (ఫ్లాంజ్) శుభ్రం చేశాను. ఇంజిన్ కారులో ఉండగా ఇక్కడ చూడాలంటే అద్దం కావాలి, పైగా అంతా గ్రీజు. అందుకే ఇటువైపు ఎవరూ చూడరు. అచ్చు పోసిన తేదీ ఇక్కడ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. పోతలో వచ్చినది కాబట్టి దాన్ని మార్చడం, ప్యాడ్ మీద అంకెలు కొట్టినంత తేలిక కాదు.

సీ 14 0. సీ అంటే మార్చి. మార్చి 14, 1970.

కారు బాడీ తయారైంది 1968 అక్టోబరులో. ఇంజిన్ బ్లాక్ పోత పోసింది దాదాపు ఏడాదిన్నర తర్వాత. బ్లాక్ నంబరు 3970010. ఇది తర్వాత ఏళ్ళ తరబడి 350 ఇంజిన్లకు వాడిన బ్లాకే. మధ్యాహ్నం హెడ్ విప్పి పిస్టన్ కిందా పైనా ఉన్నప్పుడు కొలిచాను. 3.48 అంగుళాలు. 302 అయితే 3 రావాలి. ఇంక వాదించడానికేమీ లేదు.

ఆ రోజంతా టెన్షన్ ఇంజిన్ గురించి కాదు, అసలు ఈ బాడీ ఈ కారుదేనా అని. దొంగిలించిన కారుకు వేరే కారు నంబరు ప్లేటు తగిలిస్తే కారే పోతుంది. సాయంత్రం హీటర్ బాక్స్ విప్పాను. దాని వెనక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) మీద ఫ్యాక్టరీ వాళ్ళు కారు నంబరును రహస్యంగా కొట్టేవారు. అది డాష్‌బోర్డ్ ప్లేటుతో సరిగ్గా సరిపోయింది. ప్లేటుకున్న పువ్వు ఆకారపు రివెట్లు కూడా ఎవరూ కదిలించినట్టు లేవు. అప్పుడు భోంచేశాను.

నవంబరు 28

సెలవు రోజంతా ఫైర్‌వాల్ దగ్గరే గడిచింది. హీటర్ బాక్స్ తీసిన చోట నల్ల రంగు గీకితే పుట్టీ, పుట్టీ కింద వెల్డింగ్ చేసిన రేకు ముక్క. రేకు ఆకారం ఫ్యాక్టరీ ఏసీ బాక్స్‌కు చేసే రంధ్రానిదే. జెడ్/28ని ఏసీతో అమ్మలేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తోనూ అమ్మలేదు. నాలుగు గేర్ల మాన్యువల్ ఒక్కటే. కార్పెట్ ఎత్తితే గేర్ లివర్ దగ్గర నేల చేత్తో కోసిన గుర్తులు, వంకరటింకరగా. వెనక యాక్సిల్ మాత్రం 12 బోల్టులది, జెడ్/28కి తగ్గదే. కానీ అది విప్పి మార్చుకునే వస్తువు.

చివరికి వెనక సీటు స్ప్రింగుల్లో ఎలుకలు కొరికిన కాగితం ముక్క దొరికింది. కారుకు ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసే బిల్డ్ షీట్‌లో మూడో వంతు. అందులో రెండు కోడ్‌లు చదవగలిగాను: సీ60, ఎం35. ఏసీ, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. బాడీ ట్యాగ్ మీద రంగు కోడ్ 57 57. అంటే ఫాథమ్ గ్రీన్, ముదురాకుపచ్చ. ఎవరో ఒక కుటుంబం చల్లగా తిరగడానికి కొనుక్కున్న కారు ఇది.

నార్‌వుడ్‌లో 1968 డిసెంబరు మధ్య నుంచి ట్యాగ్ మీద ఎక్స్ కోడ్‌లు వేశారు. ఎక్స్33, ఎక్స్77 ఉంటే జెడ్/28. నా కారు ఆ కోడ్‌లకు రెండు నెలల ముందుది. ఈ కారునే ఎందుకు ఎంచుకున్నారో నాకిప్పుడు అర్థమైంది. ట్యాగ్ అడ్డుచెప్పదు.

డిసెంబరు 7

డాలస్‌లో ఉండే తమ్ముడు లాంటి స్నేహితుడికి ఫోన్ చేశాను. పాత కార్లు కొని అమ్ముతుంటాడు. "అన్నా, నీకు అమ్మేటప్పుడు ఎవరైనా చెప్పారా? ఇంజిన్ బిగించి అలాగే వేలానికి పెట్టెయ్. ఫ్లాంజ్ ఎవడు చూస్తాడు?" అన్నాడు. వాడు నా డబ్బు గురించి బాధపడే అన్నాడు. నేను మాత్రం ఆ పని చేయను, చేయలేను. నాకు జరిగిందే ఇంకొకరికి నా చేత్తో జరగడం నాకు వద్దు.

ఇంకో మార్గం కూడా చెప్పాడు. 1968 సెప్టెంబరులో పోత పోసిన అసలు 302 బ్లాక్ వెతికి కొనడం. అందులో తప్పు లేదు, అమ్మేటప్పుడు "కాలానికి సరిపడే బ్లాక్, ఈ కారుతో పుట్టినది కాదు" అని రాస్తే చాలు. ప్యాడ్ మీద నా కారు నంబరు కొట్టిన క్షణం అది అబద్ధమవుతుంది. క్లోన్ కారు (మామూలు కారును జెడ్/28లా మార్చినది) మీద నాకు కోపమేమీ లేదు. నడపడానికి చాలా బాగుంటుంది. "ట్రిబ్యూట్" అని రాసి అమ్మేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. కేటలాగ్‌లో ఆ ఒక్క మాట రాసి ఉంటే నేను ఇదే కారును, తక్కువ ధరకు, సంతోషంగా కొనేవాణ్ణి.

జనవరి 18, 2025

బ్లాస్టింగ్ షాపుకు బాడీ పంపాల్సిన రోజు. పంపలేదు.

బాడీ మొత్తం ఇసుకతో కొట్టించి, ఎపాక్సీ వేసి, కొత్త రంగు కొడితే నేనూ పాత యజమాని చేసిన పనే చేస్తాను. మోసం ఉద్దేశం ఉండదు, కానీ ఫలితం ఒకటే. ఆ పుట్టీ, వంకర కోత, ఆకుపచ్చ, అన్నీ పోతాయి. మిగిలేది నా మాట ఒక్కటే. నాకు ఈ నిజం తెలిసింది కూడా ముందు రీస్టోర్ చేసినవాళ్ళు రెండు మూడు మూలలు వదిలేయడం వల్లే.

అందుకని పని క్రమం మార్చాను. విప్పిన ప్రతి చోటా స్కేలు పెట్టి ఫోటో. ఫైర్‌వాల్‌పై సుద్ద గీతలు కనిపిస్తే తుడవకముందే ఫోటో. ఎడమ వెనక పక్క రంగును 400, 800, 1500 కాగితాలతో మెల్లగా వలయంలా అరగదీశాను. నారింజ, బూడిద ప్రైమర్, ఒక ఎరుపు, మళ్ళీ ప్రైమర్, దాని కింద ఆకుపచ్చ. చెట్టు మొద్దులో వలయాల్లా ఉంది. ఆ అయిదు పొరలూ కనిపించేలా ఫోటో తీశాకే ముందుకెళ్ళాను. వెనక సీటు కింద అరచేయంత ఫాథమ్ గ్రీన్‌ని టేపు వేసి కాపాడుతున్నాను. అక్కడ బ్లాస్టింగూ ఉండదు, రంగూ ఉండదు. ఫైర్‌వాల్ నుంచి కోసిన రేకు ముక్కను తేదీ రాసి జిప్ కవర్‌లో పెట్టాను.

మార్చి 22

రంగు వేయించాను. ఫాథమ్ గ్రీన్. అప్పట్లో జీఎం వాడింది ఆక్రిలిక్ లాకర్, నేను వేయించింది బేస్ కోట్, క్లియర్ కోట్. ఎండలో నిలబెడితే అంచుల దగ్గర లోతైన చెరువు నీళ్ళ రంగు. మా ఆవిడ గరాజ్‌లోకి వచ్చి చాలాసేపు చూసి, "ఇదే బాగుంది" అంది.

నాలుగు గేర్ల మాన్యువల్ అలాగే ఉంచాను, నాకు ఇష్టం కాబట్టి. 350 ఇంజిన్ కొత్త సీల్స్‌తో మళ్ళీ ఎక్కింది. ప్యాడ్ మీది దొంగ అంకెలను చెరపలేదు. ఇలాంటి నంబర్లు చెరిపితే చట్టం దగ్గర జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా అదీ ఈ కారు చరిత్రలో భాగమే. జెడ్/28 బ్యాడ్జీలు తీసేసి మామూలు కమారో బ్యాడ్జీలు ఆర్డర్ చేశాను, అవి ఇంకా రాలేదు. మిగిలింది ఏసీ, అది వేసవిలోపు.

కారుతో ఉండే ఫైలు మొదటి పేజీ ఈ రాత్రే రాశాను: "1968 అక్టోబరు, నార్‌వుడ్. మొదట ఫాథమ్ గ్రీన్, ఏసీ, పవర్‌గ్లైడ్. ఇప్పటి ఇంజిన్ 1970 నాటి 350, ప్యాడ్ మీద అంకెలు తర్వాత కొట్టినవి, పెన్సిల్ అచ్చు 4వ పేజీలో. పుట్టినప్పటి ఇంజిన్ లేదు. జెడ్/28 కాదు."